కాలికి తగిలిన గుర్రం

మాణిక్యాలరావుకి చదరంగం రాదు. గుర్రం వంకరగా గెంతుతుందనీ, రాజు పోతే ఆట పోతుందనీ మాత్రం తెలుసు. అందుకని కూతురు ఆడుతున్నంతసేపూ అతను బల్లకేసి చూడడు, ఆమె చేతులకేసి చూస్తాడు. చెయ్యి గెడ్డం కింద ఉంటే ఆలోచిస్తోందని, జడ చివర తిప్పుతుంటే భయపడుతోందని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటే ఆట తన వైపు ఉందని అతని లెక్క. ఆ శనివారం మధ్యాహ్నం ప్రసన్న చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

అమలాపురంలో జాతీయ మహిళల చదరంగం పోటీ పెట్టడం అదే మొదలు. కళ్యాణ మండపం అద్దెకి తీసుకున్నారు. పెళ్ళి భోజనాల బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, వాటి మీద బోర్డులు సర్దేరు. ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ మధ్య కొబ్బరితాడు కట్టేరు. శ్రావణ మాసం వర్షం రేకుల మీద పడుతూనే ఉంది. మాణిక్యాలరావు రోజూ పొద్దున్న బైండింగు కొట్టు మూసేసి, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చి, తాడుకి ఇవతల స్తంభం పక్కన నిలబడేవాడు. చెప్పులు మండపం గుమ్మంలోనే విప్పేవాడు. ఎవరూ విప్పమనలేదు. లోపల ఉన్న నిశ్శబ్దం చూస్తే అతనికి చెప్పులతో అడుగు పెట్టబుద్ధి కాలేదు. ప్రసన్న కూడా అంతే. కుర్చీ కింద చెప్పులు ఓ పక్కకి నెట్టి, ఉత్త కాళ్ళతో ఆడుతుంది.

ఈ పోటీలో పైన నిలిచిన కొద్దిమందిని పెద్ద పోటీకి పంపుతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళకి రైల్వేలో ఆటగాళ్ళ కోటా ఉద్యోగం వచ్చే వీలుంది. ప్రసన్నకి ఆ ఉద్యోగానికి వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది. ఇప్పుడు కాన్వెంటులో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది. ఇంక రెండు ఆటలున్నాయి. రెండూ గెలిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. ఒకటి పోతే రెండోది గెలిచి తీరాలి, అప్పుడైనా మిగతావాళ్ళ ఆటలు ఎలా అయ్యాయో చూసుకోవాలి. ఈ సంగతి మాణిక్యాలరావుకి జ్ఞానప్రకాశం మాస్టారు విప్పి చెప్పేరు. హైస్కూల్లో ప్రసన్నకి ఆట నేర్పింది ఆయనే. ఇప్పుడు ఈ పోటీలో పేచీలు తీర్చే సహాయ ఆర్బిటరు.

ఆ రోజు ప్రసన్న ఎదుట కూర్చున్నది సుప్రియ. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి, పెద్ద పోటీలు ఆడిన మనిషి. మొదటి రోజు కుళాయి దగ్గర ఆమె మర్చిపోయిన చేతిగడియారాన్ని మాణిక్యాలరావు వాన్లో పరిగెత్తి, ఆమె బస్సెక్కబోతుండగా అందించేడు. అప్పట్నుంచీ కనిపిస్తే పలకరిస్తుంది. ఆట మొదలయ్యే ముందు కూడా తాడు దగ్గరకొచ్చి, రోజూ నిలబడే ఉంటున్నారు, కుర్చీ అడిగి వేయించుకోండి అని చెప్పి వెళ్ళింది.

జరిగింది చాలా చిన్నది. సుప్రియ ముందుకి వంగి, బల్ల ఆ చివర ఉన్న బంటుని తన ఏనుగుతో తీసేసింది. చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు చీర చెంగు ప్రసన్న గుర్రానికి తగిలింది. గుర్రం దొర్లి బల్ల అంచు మీంచి జారి ప్రసన్న పాదం మీద పడింది. సుప్రియ చూసుకోలేదు. గడియారం నొక్కేసింది. ప్రసన్న కళ్ళు బోర్డు మీంచి తిప్పకుండానే వంగి, గుర్రాన్ని తీసి దాని గడిలో పెట్టింది. పెట్టి, వేళ్ళ చివర్లతో దాని తల ముట్టుకుని, ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకుంది. తరవాత కాసేపు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించి, వేరే పావు కదిపింది.

మాణిక్యాలరావుకి అందులో వింతేమీ కనబడలేదు. సుప్రియ గడియారం ఆపి చెయ్యి ఎత్తింది.

ఆర్బిటర్లు వచ్చేరు. పెద్ద ఆర్బిటరు మహారాష్ట్ర నుంచి వచ్చిన తెల్లజుట్టు మనిషి. గుసగుసగా మాట్లాడుకున్నారు. పక్క బల్లల వాళ్ళు తలెత్తి చూసి, మళ్ళీ తమ ఆటల్లో మునిగిపోయేరు. కొంతసేపటికి జ్ఞానప్రకాశం మాస్టారు తాడు దగ్గరకొచ్చి, మాణిక్యాలరావుకి మాత్రమే వినబడేలా సంగతి చెప్పేరు. కింద పడ్డ పావుని తీసి గడిలో పెట్టడం తప్పు కాదు. కాని అది గడిలో నిలబడ్డాక, తన వంతు నడుస్తుండగా, సర్దుతున్నానని పైకి చెప్పకుండా మళ్ళీ ముట్టుకుంటే, ఆ పావునే ఆడాలి. ఆ గుర్రం అక్కణ్ణుంచి కదిలితే రాజుకి కాపలా ఉండదు, ఆట పోతుంది. సుప్రియ రెండోసారి ముట్టుకుందని అంటోంది. ప్రసన్న తనకి గుర్తులేదంటోంది. ఇంకెవరూ చూడలేదు.

"మిమ్మల్ని అడగమంటోందండి ఆవిడ," అన్నారు మాస్టారు. "ఆయన అమ్మాయి చేతులే చూస్తుంటారు, ఆయనెలాగంటే అలాగే, నేను ఒప్పుకుంటానంటోంది. ఇలా అడగడం పద్ధతి కాదు. కాని ఇద్దరికీ ఇష్టమైతే సరేనన్నారు పెద్దాయన."

"అమ్మాయేమందండి?"

"నాన్ననే అడగండి అంది."

మాణిక్యాలరావు వంగి తాడు కింద నుంచి లోపలికి వెళ్ళేడు. ఇన్ని రోజుల్లో అతను అటు అడుగు పెట్టడం అదే మొదలు. తెల్లగుడ్డ మీద చెక్క పావులు తను దూరంనుంచి అనుకున్నదానికన్నా చిన్నవిగా ఉన్నాయి. ప్రసన్న తలెత్తలేదు. జడ చివర చేతిలో ఉంది.

జ్ఞానప్రకాశం మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మాణిక్యాలరావు గారూ, అమ్మాయి కిందపడ్డ గుర్రాన్ని తీసి పెట్టింది. అక్కడిదాకా పేచీ లేదు. పెట్టేక మళ్ళీ ముట్టుకుందా? తొందర లేదండి. బాగా గుర్తు చేసుకోండి. ఒక్కసారే కదండీ?"

ఆ చివరి మాట ఎందుకన్నారో అతనికి తెలిసింది. మాస్టారు ఆదివారం ఆదివారం చర్చిలో నిలబడి బైబిలు పాఠం చదివే మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు నేలమీదున్నాయి.

"అది కాలికి తగిలిందండి," అన్నాడు మాణిక్యాలరావు. "కాలికి తగిలింది కాబట్టి..."

"అది కాదండి. ఒకసారా, రెండుసార్లా?"

వర్షం చప్పుడు ఎక్కువైంది. చూడలేదని అనొచ్చు. అది కూడా అతనికి తట్టింది. అన్ని రోజులూ ఆ స్తంభం దగ్గర నిలబడి చూసిన పని అదొక్కటే. ఆ ఒక్కటీ చూడలేదని ఎలా అంటాడు?

"ఆయ్," అన్నాడు. "రెండుసార్లండి. గడిలో పెట్టింది ఒకసారి. కళ్ళకద్దుకున్నది ఒకసారి."

మాస్టారు దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నారు. పెద్ద ఆర్బిటరు విని, తన వేళ్ళు తన కళ్ళకి తాకించి, ఇదేనా అన్నట్టు చూసేడు. మాణిక్యాలరావు తలూపేడు. మా అమ్మ కూడా ఇంతే చేసేది అన్నాట్ట ఆయన. రూల్లో దీనికి చోటు లేదు అని కూడా అన్నాట్ట.

ప్రసన్న గుర్రాన్ని కదిపింది. ఇంకో నాలుగైదు ఎత్తులు ఆడి, గడియారం ఆపి, ఓటమి ఒప్పుకుంటూ సుప్రియకి చెయ్యి చాపింది.

కుళాయి దగ్గర సుప్రియ మాణిక్యాలరావు కోసం ఆగింది. నా చెంగు తగిలే పడిందండి, అది నిజమే అంది. ఆటలో ఇలాంటివి వదిలేస్తే రేపు నాకెవరూ వదలరు అని కూడా అంది. కోపంగా ఉందా అని అడిగింది.

"కోపమెందుకమ్మా. మీరు అడిగేరు, నేను చూసింది చెప్పేను."

ఆమె చేతిగడియారం సర్దుకుని వెళ్ళిపోయింది.

బైండింగు కొట్టంటే వేరే ఏమీ కాదు, ఇంటి ముందు గదే. మాణిక్యాలరావు గోడకి ఆనుకుని చాప మీద కూర్చుంటాడు. చుట్టూ కాగితాలే. మడిచిన ఫారాలు ఒక వైపు, కుట్టినవి ఒక వైపు, అట్టలంటించి చెక్క ప్రెస్సులో బిగించినవి ఇంకో వైపు. మైదా జిగురులో పురుగు పట్టకుండా కలిపిన మైలుతుత్తం వాసన గదిలో ఎప్పుడూ ఉంటుంది. కాలు చాపినా ముడిచినా ఏదో ఒక కాగితానికి తగలక తప్పదు. తగిలినప్పుడల్లా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ కాగితాన్ని తాకి కళ్ళకి చేరుతుంది. అచ్చు పడిందా, తెల్లకాగితమా అని చూడదు. చేస్తున్న పని ఆగదు, మాట్లాడుతున్న మాట కూడా ఆగదు.

ప్రసన్న నడక నేర్చుకున్నది ఆ కాగితాల మధ్యనే. ఒకసారి తప్పటడుగులు వేస్తూ ఫారాల దొంతి మీద కాలేస్తే, అతను ఆ చిన్న చెయ్యి పట్టుకుని కాగితానికి తాకించి, ఆమె కళ్ళకి అద్దేడు. ఆమెకి అదేదో ఆటలా ఉండి నవ్వింది. మళ్ళీ మళ్ళీ కాలేసి, మళ్ళీ మళ్ళీ అద్దుకుంది. భార్య పార్వతి వచ్చి దొంతి అంతా నలిగిపోయిందని కేకలేసేదాకా తండ్రీ కూతుళ్ళు అదే పని.

ఆ శనివారం సాయంత్రం పార్వతి కేకలెయ్యలేదు. అన్నాలు వడ్డించి, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

"ఒక్కసారి అంటే సరిపోయేదంట కదండీ," అంది. "మాస్టారు కూడా అలాగే అడిగేరంట. కూతురు కన్నా ఆ బోర్డు ఎక్కువైపోయిందా?"

అతను అన్నం కలుపుతూ ఉన్నాడు.

"దేవుడు మెచ్చుకుంటాడనుకున్నారా? ఆయనకీ ఓ కూతురుంటే తెలిసేది."

"అమ్మా, ఊరుకో," అంది ప్రసన్న. "నాన్న చూసింది చెప్పేడు. నాన్ననే అడగమన్నది నేనే కదా."

"ఎందుకన్నావు మరి?"

ప్రసన్న మజ్జిగ పోసుకుంది. "నాకు నిజంగా గుర్తులేదమ్మా. నేనేం చేశానో నాకు తెలియాలి కదా," అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననుకున్నాడు మాణిక్యాలరావు.

భోజనాలయ్యేక జ్ఞానప్రకాశం మాస్టారు గొడుగు ముడుస్తూ వచ్చేరు. మర్నాడు ఆడబోయే అమ్మాయి బెంగాల్ నుంచి వచ్చిందనీ, చిన్నపిల్లయినా గట్టిదనీ, కాకపోతే ఆలోచనకి ఎక్కువ సమయం తినేసి చివర్లో కంగారు పడుతుందనీ చెప్పేరు. ప్రసన్న విని, అసలు ఇవాళ తను ఏం చేసి ఉండవలసింది అని అడిగింది.

"ముట్టుకోకూడదమ్మా. పడేసినవాళ్ళే తియ్యాలి, వాళ్ళ టైములోనే తియ్యాలి. నువ్వు గడియారం తిరిగి నొక్కేసి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. అంతే."

"అది నా కాలి మీదున్నా?"

"ఎక్కడున్నా."

మాస్టారు వెళ్ళబోతూ చాప పక్కన ఆగేరు. ఆయన బడి లైబ్రరీ పుస్తకాలే ప్రెస్సులో బిగించి ఉన్నాయి. "మీరు కాబట్టి అలా చెప్పేరండి. నేనైతే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు," అన్నారు. మాణిక్యాలరావు లేచి నిలబడి, మీరైనా అదే చెప్పేవారండి అన్నాడు. మాస్టారు గొడుగు విప్పుకుని మెట్లు దిగేరు.

ఆదివారం ప్రసన్న చేతులు ఒక్కసారైనా ఒళ్ళోకి రాలేదు. ఒకటి గెడ్డం కింద, ఒకటి జడ మీద. మాణిక్యాలరావు వెంకటేశ్వరస్వామి గుళ్ళో అర్చన చేయించి, ప్రసాదం పొట్లం జేబులో పెట్టుకుని వచ్చేడు. స్వామిని ఏం అడగాలో అతనికి తెలియలేదు. నిన్న నిజం చెప్పేను కాబట్టి ఇవాళ గెలిపించమంటే బేరమాడినట్టుంటుంది. అడగకుండా ఉంటే కూతురు ఏమైపోయినా సరేనన్నట్టుంటుంది. చివరికి గోత్రం, పేరు చెప్పి ఊరుకున్నాడు.

బెంగాలీ అమ్మాయికి పదహారో పదిహేడో ఉంటాయి. కళ్ళజోడు ముక్కు మీదకి జారుతుంటే వేలితో పైకి నెట్టుకుంటూ ఆడుతోంది. మధ్యాహ్నం దాటేసరికి మిగిలిన బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. జ్ఞానప్రకాశం మాస్టారు ఈ బల్ల పక్కనే వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయి వైపు గడియారంలో చిన్న ఎర్రముల్లు పైకి లేచి ఉంది. అది పడిపోతే ఆట పోయినట్టే. ఆ ఒక్క సంగతీ మాణిక్యాలరావు ఈ వారంలో నేర్చుకున్నాడు.

ఆ అమ్మాయి ఎత్తు వేసి, గబుక్కున గడియారం మీదకి చెయ్యి పోనిచ్చింది. మోచెయ్యి తగిలి ప్రసన్న బంటు ఒకటి ఎగిరి కింద పడింది.

బల్ల మీది గుడ్డ ముందు పక్క పొట్టిగానే ఉంది. స్తంభం దగ్గర్నుంచి అతనికి అంతా కనిపించింది. బంటు దొర్లి వచ్చి ప్రసన్న కుడికాలి బొటనవేలికి ఆనుకుని ఆగింది. ప్రసన్న భుజం వంగింది. చెయ్యి బల్ల అంచు దాకా దిగింది. అక్కడ, గాలిలో, ఆగిపోయింది. మాణిక్యాలరావు చెయ్యి అతనికి తెలియకుండానే తాడు వదిలి కిందకి జారింది.

ప్రసన్న చెయ్యి పైకొచ్చింది. గడియారం నొక్కింది. రెండు చేతులూ కట్టుకుని కూర్చుంది.

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. తన గడియారం నడుస్తోందని చూసి, బోర్డు మీద ఖాళీ గడి చూసి, కంగారుగా బల్ల కిందకి వంగింది. తన కాళ్ళ దగ్గర వెతికింది. కుర్చీ వెనక్కి నెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళజోడు జారిపోతే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నేలంతా తడిమింది. ప్రసన్న పాదం కదపలేదు. కదిపి ఉంటే పాదం చాటునున్న బంటు బయటికి దొర్లేది, ఆ పిల్లకి కనబడేది. ప్రసన్న బోర్డునే చూస్తూ కూర్చుంది.

ఎర్రముల్లు పడిపోయింది. జ్ఞానప్రకాశం మాస్టారు చూసేరు. చూసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి గడియారం ఆపేరు.

ఆ అమ్మాయి బంటు పట్టుకుని పైకి లేచింది. గడియారం చూసింది. అయినా బంటుని తీసుకెళ్ళి దాని గడిలో పెట్టి, సరిగ్గా మధ్యకి జరిపింది. అప్పుడు కూర్చుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. ప్రసన్న చాపిన చెయ్యి ఆమెకి కాసేపటిదాకా కనబడలేదు.

చీకటి పడకముందే గోడకి పేర్లు అంటించేరు. పెద్ద పోటీకి వెళ్ళేవాళ్ళ వరసలో ఆఖరి పేరు ప్రసన్నది. ఊళ్ళో తెలిసినవాళ్ళంతా చుట్టూ మూగేరు. ఎవరో దండ తెచ్చేరు. పార్వతి పక్కింటివాళ్ళతో కలిసి వచ్చి, కూతురి బుగ్గలు పట్టుకుని, మాణిక్యాలరావు వైపు తిరిగి, నిన్న అన్నవన్నీ మనసులో పెట్టుకోకండి, దేవుడున్నాడండి అంది. అతను జేబులో పొట్లం తీసి అందరికీ తలో కొంచెం ప్రసాదం పెట్టేడు. బెంగాలీ అమ్మాయికీ పెడదామని చూసేడు. ఆమె వాళ్ళ వాళ్ళతో అప్పటికే వెళ్ళిపోయింది.

సైకిలు వెనక ప్రసన్నని ఎక్కించుకుని కాలవగట్టు మీంచి ఇంటికి బయల్దేరేడు. వర్షం వెలిసింది. కాలవలో నీళ్ళు ఎర్రగా, ఒడ్డుల్ని ఒరుసుకుని పోతున్నాయి.

"చూశావా నాన్నా?" అంది ప్రసన్న వెనకనుంచి.

"చూశానమ్మా."

"ఇవాళ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

అతను తొక్కుతూనే ఉన్నాడు. రూలు ప్రకారం అది తప్పు కాదు. మాస్టారు చెప్పిందే చేసింది. నిన్న సుప్రియ చేసింది కూడా ఇదే కదా అనిపించింది.

"కాలికి తగిలినట్టు తెలిసిందా?" అని అడిగేడు. అడిగేక, అడగకుండా ఉండవలసిందనుకున్నాడు.

"తెలిసింది. ఆ పిల్ల వెతుకుతున్నంతసేపూ వేలికి ఆనుకునే ఉంది." అంది ప్రసన్న. "ఎవరైనా నిన్ను అడిగితే చెప్పేద్దువు కదా."

"ఎవరూ అడగలేదమ్మా."

"అవును," అంది.

ఇంటి దగ్గర దిగేక ఆమె దండ తీసి సైకిలు హ్యాండిలుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న మాణిక్యాలరావు కొట్టు తెరిచేడు. వారం రోజుల పని పేరుకుపోయింది. ప్రెస్సు మర విప్పి మాస్టారి పుస్తకాలు బయటికి తీసేడు. అట్టలు బాగా పట్టుకున్నాయి. వాటిని పక్కన పేర్చి, కొత్త ఫారాలు ముందేసుకుని, వెన్ను మీద రంపంతో గాట్లు పెట్టి, సూదిలో దారం ఎక్కించేడు.

ప్రసన్న కాన్వెంటుకి తయారై, కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. పెద్ద పోటీకి బండి ఎప్పుడో మాస్టారు కనుక్కుని చెప్తానన్నారని చెప్పింది. ఆయనతో పాటు నువ్వు కూడా రావాలి నాన్నా అంది. అతను వస్తానన్నాడు. ఆమె వెనక్కి తిరుగుతుంటే పాదం ఫారాల దొంతికి తగిలి, పైన ఉన్న కాగితం జారి నేల మీద పడింది.

ఆమె ఆగింది.

మాణిక్యాలరావు సూది ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటప్పుడు అతను తల కూడా ఎత్తి చూడలేదు. చూడవలసిన అవసరమే రాలేదు. ఇప్పుడు చూస్తున్నాడు. ఆమె కుడిచెయ్యి కొద్దిగా కదిలింది. ఆగింది. ఆ ఆగడం అతను ముందు రోజు చూసిందే. ఆమె తన చేతికేసే చూసుకుంది, అదెవరిదో అన్నట్టు.

"అమ్మా..." అన్నాడు.

"టైమైపోయింది నాన్నా," అంది ఆమె. సంచీ భుజాన వేసుకుని, కాగితాన్ని జాగ్రత్తగా దాటుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అతను సూది దించేడు. తను చూసింది చెప్పేడు. ప్రసన్న రూలు ప్రకారం ఆడింది. సుప్రియ, మాస్టారు, ఆ తెల్లజుట్టాయన, ఎవరూ చెయ్యకూడని పనేమీ చెయ్యలేదు. ఇంతమంది తప్పు చెయ్యకుండానే ఆ చేతిలోంచి ఇది ఎలా పోయింది స్వామీ అని గోడ మీద పటం కేసి చూసేడు. పటానికి నిన్నటి దండే వేసి ఉంది. పార్వతి సైకిలు మీంచి తీసి వేసినట్టుంది.

సూది చాపకి గుచ్చి, వంగి, నేల మీద కాగితం అందుకున్నాడు. తెల్లకాగితం, దాని మీద ఇంకా ఏమీ లేదు. దాన్ని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. దొంతి మీద పెట్టబోయి, ఆగి, మళ్ళీ ఎత్తి ఇంకోసారి అద్దుకున్నాడు.

ఒకసారా, రెండుసార్లా అని అడిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.